పొగతోట మందుల షాపుల్లో మైగ్రేన్ వైద్యం: ఏది పని చేస్తుంది, ఎక్కడ చెడుతుంది

నెల్లూరు పొగతోటలో ఏ మందుల షాపు ముందు నిలబడి ‘తలనొప్పికి గట్టిది ఒకటి ఇవ్వన్నా’ అన్నా అర నిమిషంలో మాత్ర చేతిలో పడుతుంది. ఒంగోలు కర్నూలు రోడ్డులోనూ అంతే. ఉదయగిరి, పొదిలి బస్టాండు దగ్గరైతే అడిగీ అడగకముందే ఇస్తారు. మందు దొరక్క బాధపడేవాళ్ళు తక్కువ. దొరికిన మందు ఎప్పుడు వేసుకోవాలో, ఎంత వేసుకోవాలో, నెలలో ఎన్ని రోజులు దాటకూడదో తెలియక బాధపడేవాళ్ళే ఎక్కువ. అందుకని ఈ సమీక్ష ఏదో ఒక షాపు మీదో, ఒక డాక్టరు మీదో కాదు. మన దగ్గర మైగ్రేన్‌కు దొరికే వైద్యాన్ని, చవక మాత్ర నుంచి చేతికి కట్టుకునే కరెంటు పట్టీ దాకా, ఒక్కొక్కటిగా తీసి చూశాం, కొన్నిటికి 5కి ఇన్ని అని మార్కులూ వేశాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఏ మందు విలువైనా దాని పక్కన మీరు రాసుకునే తేదీల లెక్కను బట్టే ఉంటుంది. లెక్క లేకపోతే మంచి మందే కొన్ని నెలల్లో తలనొప్పిని పెంచే మందవుతుంది. ఇక్కడ రాసిన మోతాదులు వేరే జబ్బులేవీ లేని పెద్దవాళ్ళకు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, కడుపులో పుండు, గర్భం ఉంటే మాత్రం డాక్టరును అడక్కుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

అసలు ఇది మైగ్రేనేనా

మన ఊళ్ళలో ఈ నొప్పికి పైత్యమనీ, సైనసనీ, మెడ నరమనీ, చూపు తగ్గిందనీ రకరకాల పేర్లు పెడతారు. మైగ్రేన్ వచ్చినప్పుడు చాలామందికి ముక్కు కారుతుంది, కళ్ళ వెంట నీళ్ళొస్తాయి. దాన్ని సైనసు అనుకుని యాంటీబయాటిక్ కోర్సు వాడేస్తారు. నొప్పికి కొన్ని గంటల ముందే మెడ పట్టేస్తుంది, ఆవులింతలు మొదలవుతాయి, తీపి తినాలనిపిస్తుంది. మెడ పట్టేసిందని ఎక్స్‌రే తీయిస్తే ‘ఎముక అరిగింది’ అంటారు. తీపి తిన్నారు కాబట్టి ఆ రోజు తిన్న జిలేబీ మీద నింద పడుతుంది. నిజానికి ఆ కోరికే రాబోయే నొప్పికి మొదటి గుర్తు. వాంతి అయ్యాక తేలికపడితే ఇక పైత్యమే అని తీర్మానిస్తారు.

2018లో వచ్చిన అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణ చెప్పేది సూటిగా ఉంటుంది. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటలు ఉండే నొప్పి, ఇప్పటికి కనీసం ఐదుసార్లు వచ్చి ఉండాలి. ఒక పక్కన రావడం, దడదడ కొట్టుకున్నట్టు ఉండడం, పని ఆపేయాల్సినంత ఉండడం, మెట్లెక్కితే పెరగడం, ఈ నాలుగింటిలో రెండు కనపడాలి. వికారమో వాంతో ఉండాలి, లేదంటే వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవాలి. ఇది అరుదైన జబ్బేమీ కాదు. పక్కనున్న కర్ణాటకలో, బెంగళూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 2015లో అచ్చయింది. పెద్దవాళ్ళలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్ళు 25.2 శాతం అని తేలింది.

కొన్ని గుర్తులు కనపడితే మాత్రం ఈ సమీక్ష పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నిమిషంలోపే తారస్థాయికి వచ్చిన నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, చెయ్యో కాలో మాటో పడిపోవడం, 50 ఏళ్ళు దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పి, తలకు దెబ్బ తగిలాక వచ్చింది, గర్భంతో ఉన్నప్పుడో కాన్పయిన కొత్తలోనో కొత్తగా మొదలైంది, వీటిని మైగ్రేన్ ఖాతాలో వేయకూడదు.

నొప్పి మాత్రలు: 5కి 4, సమయానికి వేస్తేనే

పారాసిటమాల్ 650 ఒక్కటి వేసుకుని ‘నాకు పని చెయ్యదండీ’ అనే మాట ఈ షాపుల ముందు రోజూ వినబడుతుంది. మైగ్రేన్ మీద పరీక్షించి చూసిన మోతాదు 1,000 మి.గ్రా., అంటే 500 మాత్రలు రెండు. ఐబుప్రోఫెన్ అయితే 400, నాప్రోక్సెన్ అయితే 500. వీటిలో మా ఓటు నాప్రోక్సెన్‌కే. దాని ప్రభావం ఎక్కువ గంటలు నిలుస్తుంది, కాబట్టి మధ్యాహ్నం తగ్గిన నొప్పి రాత్రికి తిరగబెట్టడం తక్కువ. ఏదైనా కాస్త తిని, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి. నాప్రోక్సెన్ 500 రోజుకు రెండు దాటకూడదు.

మోతాదు కంటే పెద్ద తప్పు ఆలస్యం. మైగ్రేన్ మొదలైతే పొట్ట కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర పొట్టలోనే ఉండిపోతుంది, పేగుల్లోకి దిగితే కదా రక్తంలో కలిసేది. ‘ఈ పని కానిచ్చి వేసుకుందాం’, ‘ఇంటికెళ్ళాక చూద్దాం’ అని రెండు గంటలు ఓర్చుకున్నవాళ్ళు ఆ తర్వాత వేసుకున్న మాత్రను వాంతిలో పోగొట్టుకుంటారు. నొప్పి మొదలైన గంటలోపు, ఇంకా ఓర్చుకోగలిగినంత ఉన్నప్పుడే, పూర్తి మోతాదు ఒకేసారి పడాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అనే పొదుపు ఇక్కడ నష్టమే తెస్తుంది. వికారం ఎక్కువగా ఉండేవాళ్ళకు డోంపెరిడోన్ 10 మి.గ్రా. కలిసిన నాప్రోక్సెన్ మాత్ర రాస్తారు. అది వాంతిని ఆపడమే కాదు, పొట్టను కదిలించి మందును కిందికి దించుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చెప్పాలి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన కుటుంబాల్లో కిడ్నీ జబ్బులు కొత్త కాదు. నాప్రోక్సెన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మూడూ కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. రోహిణి కార్తె ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగకుండా ఇవి వేసుకుంటే ఆ భారం రెట్టింపవుతుంది. పైగా బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్ర, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతున్నవాళ్ళకు వాటితో ఈ నొప్పి మాత్ర కూడా కలిస్తే కిడ్నీని హఠాత్తుగా దెబ్బ తీయగలదు. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళుంటే ఈ మాత్రలు తరచుగా వాడే ముందు సీరం క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. మామూలు రక్తపరీక్షే, ఏ ల్యాబులోనైనా చేస్తారు.

ఎర్గోటమిన్ కలిపిన పాత మాత్ర: 5కి 1

‘మైగ్రేన్ మాత్ర’ అని అడిగితే చాలా షాపుల్లో ఇప్పటికీ మొదట చేతికొచ్చేది ఇదే. స్ట్రిప్ వెనక చదివితే ఎర్గోటమిన్ 1 మి.గ్రా., కెఫీన్ 100, పారాసిటమాల్ 250, ప్రోక్లోర్‌పెరజిన్ 2.5 అని ఉంటుంది. పని చేయదని అనం. కానీ రక్తనాళాలను బిగపట్టే గుణం దీనికి శరీరమంతా ఉంటుంది, చాలాసేపు ఉంటుంది. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోకూడదు. గొంతు నొప్పికి రాసే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడుతూ ఇది వేసుకుంటే చేతివేళ్ళకు, కాళ్ళకు రక్తం అందక నల్లబడే ప్రమాదం ఉంది. కెఫీన్ కలిసి ఉండటంతో అలవాటూ తొందరగా పడుతుంది. నెలకు 10 రోజులు దాటితే ఈ మాత్రే తలనొప్పి తెస్తుంది. ఇంతకంటే మంచివి అదే అరలో ఉన్నప్పుడు దీన్ని కొనాల్సిన పని లేదు.

పల్లెల్లో వేసే సూదిమందు గురించీ ఇక్కడే చెప్పాలి. నొప్పి రాగానే డైక్లోఫెనాక్, దాంతో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి నడుముకు వేస్తారు. ఆ పూటకు తగ్గుతుంది. అందుకే జనం మళ్ళీ మళ్ళీ వెళతారు. నెలకు నాలుగైదు సార్లు స్టెరాయిడ్ పడితే షుగరు, బీపీ, ఎముకల అరుగుదల వెనకే వస్తాయి. సూది వేయించుకున్న రోజును కూడా మందు వాడిన రోజుగానే రాసుకోవాలి. చాలామంది దాన్ని లెక్కలో వేయరు.

ట్రిప్టాన్లు: 5కి నాలుగున్నర

మైగ్రేన్ కోసమనే తయారైన మొదటి కొత్త తరం మందు సుమాట్రిప్టాన్, 1991లో మార్కెట్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటినా మన దగ్గర దీన్ని రాయించుకునేవాళ్ళు తక్కువ. ఇది నొప్పి మాత్ర కాదు, నిద్ర మాత్ర కాదు. తలలోని ట్రైజెమినల్ నరం కొసల నుంచి నొప్పి రసాయనాలు రాకుండా ఆపుతుంది. అందుకే మామూలు నొప్పులకు పనికి రాదు, మైగ్రేన్‌కు మాత్రం బాగా పని చేస్తుంది.

వాడే తీరు ఇది. తల నొప్పి మొదలైన వెంటనే సుమాట్రిప్టాన్ 50 మి.గ్రా. లేదా రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. ఒకటి. కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనపడే దశ ఉన్నవాళ్ళు అది జరుగుతుండగా కాకుండా, నొప్పి మొదలయ్యాక వేసుకోవాలి. మొదటి మాత్రతో తగ్గి మళ్ళీ వస్తే రెండు గంటల తర్వాత ఇంకొకటి వేసుకోవచ్చు. మొదటిది అసలు పని చేయకపోతే అదే నొప్పికి రెండోది వేసినా లాభం ఉండదు. ఒక్కసారి చూసి ‘ఇది నాకు పడలేదు’ అనొద్దు. రెండు మూడు నొప్పులకు సమయానికి వేసి చూడాలి. అప్పటికీ పని చేయకపోతే వేరే ట్రిప్టాన్‌కు మారాలి. ఒకటి పని చేయనివాళ్ళకు ఇంకొకటి పని చేయడం మామూలే. ట్రిప్టాన్‌తో పాటు నాప్రోక్సెన్ 500 కలిపి వేస్తే నొప్పి తిరగబెట్టడం తగ్గుతుంది. వాంతులు ఎక్కువగా ఉండేవాళ్ళకు ముక్కులో కొట్టుకునే స్ప్రే రూపం మేలు.

కొందరికి మాత్ర వేసుకున్న కాసేపటికి ఛాతీలో, గొంతులో బిగుతుగా, వేడిగా అనిపిస్తుంది. చాలావరకు అది కొద్దిసేపట్లో పోతుంది. కానీ గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు ట్రిప్టాన్ వాడకూడదు. ఎర్గోటమిన్ మాత్ర వేసుకున్న 24 గంటల్లోపు వేయకూడదు. షాపుల్లో తరచూ తప్పిపోయే సంగతి ఇంకొకటుంది. నివారణకు రోజూ వేసుకునే ప్రొప్రనొలాల్ వాడేవాళ్ళలో రిజాట్రిప్టాన్ రక్తంలో ఎక్కువగా చేరుతుంది, వాళ్ళకు 10 కాదు, 5 మి.గ్రా. ఇవ్వాలి. ఈ రెండూ ఒకే చీటీలో ఉంటే డాక్టరును అడగండి.

జిల్లా కేంద్రంలో నరాల డాక్టర్ల ఆసుపత్రుల కింద ఉన్న షాపుల్లో ఇవి సులువుగా దొరుకుతాయి. మండల కేంద్రాల్లో ముందుగా చెప్పి తెప్పించుకోవడం మంచిది, నొప్పి వచ్చాక వెతుక్కుంటే గంట దాటిపోతుంది. ఒక మాత్ర ఎప్పుడూ పర్సులో ఉండాలి. స్కూటీ డిక్కీలో పెట్టొద్దు, మన ఎండకు అందులో మందు పాడవుతుంది. నాలుక మీద కరిగే మాత్రను వేసుకునే నిమిషం దాకా రేకులోనే ఉంచాలి, గాలిలో తేమకే అది చెడిపోతుంది.

నెల లెక్క

నొప్పి మాత్రలే తలనొప్పి తెచ్చే పరిస్థితికి గీత స్పష్టంగా ఉంది. పారాసిటమాల్, నాప్రోక్సెన్ లాంటి మామూలు మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్, ఎర్గోటమిన్, ట్రమడాల్ (మత్తు జాతి నొప్పి మాత్ర), కలగలుపు మాత్రలు నెలకు 10 రోజులు. ఆ స్థాయిలో మూడు నెలలు దాటితే నొప్పి రోజులు పెరుగుతాయి, మందు బలం తగ్గుతుంది. ఇక్కడ లెక్కపెట్టేది మాత్రలను కాదు, రోజులను. ఒకే రోజు మూడు వేసినా ఒక రోజే, మూడు రోజులు ఒక్కొక్కటి వేస్తే మూడు రోజులు. గీత దాకా రాకుండా వారానికి రెండు రోజులకు మించి ఏ నొప్పి మాత్రా వద్దనుకుంటే చాలు.

ఇప్పటికే గీత దాటినవాళ్ళు మాత్రలు ఆపితే మొదట నొప్పి పెరుగుతుంది, రెండు రోజుల నుంచి పది రోజుల దాకా. వికారం, నిద్ర పట్టకపోవడం కూడా ఉంటాయి. ఈ సంగతి ముందు చెప్పకపోవడం వల్లే చాలామంది నాలుగో రోజున మళ్ళీ షాపుకు వస్తారు. నివారణ మందు మొదలుపెట్టి, సెలవు చూసుకుని, డాక్టరుతో మాట్లాడుకుని ఆపాలి. ట్రమడాల్, నిద్ర మాత్రలు రోజూ వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపకూడదు.

ఈ లెక్క రాసుకునే పుస్తకంలో ఒక రోజు ఎలా రాయాలో చూపిస్తాం. ‘12 గురువారం. పొద్దున మెడ పట్టు, ఆవులింతలు. టిఫిను తినలేదు. మధ్యాహ్నం 3:10 ఎడమ కణత, నొప్పి 10కి 4. 3:25 నాప్రోక్సెన్ 500. 5:25కి 2. రాత్రి లేదు. నెలసరి రెండో రోజు.’ అంతే. ఇందులో డాక్టరుకు కావలసినవన్నీ ఉన్నాయి: ముందు గుర్తు, మొదలైన సమయం, మందు పడిన సమయం, రెండు గంటల తర్వాత ఎంత తగ్గింది. ఆ ‘రెండు గంటల’ సంఖ్య లేని డైరీలు ఎన్నో చూశాం, వాటితో మందు మార్చాలో వద్దో తేల్చడం కుదరదు. నొప్పి లేని రోజున అడ్డగీత గీయాలి, ఖాళీ వదలొద్దు. ఖాళీ అంటే నొప్పి లేదా, రాయడం మరిచారా అనేది తెలియదు. ఫోన్లో యాప్ వాడేవాళ్ళు వాడొచ్చు, కానీ నొప్పిలో తెర వెలుతురు చూడలేనివాళ్ళకు క్యాలెండరు, పెన్నే మేలు.

నివారణ మందులు: ఓపిక ఉన్నవాళ్ళకు 5కి 4

నెలకు నాలుగు రోజులు దాటి నొప్పి వస్తుంటే, లేదా తక్కువసార్లే వచ్చినా పూర్తిగా పడగొడుతుంటే రోజూ వేసుకునే నివారణ మందు గురించి అడగాలి. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునరిజిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే, ఖరీదు తక్కువ. జనౌషధి షాపులో అడిగితే ఇంకా తక్కువలో రావచ్చు.

ప్రొప్రనొలాల్ 40 మి.గ్రా.తో మొదలుపెట్టి 80 నుంచి 160 దాకా తీసుకెళతారు. ఆస్తమా ఉన్నవాళ్ళకు నిషిద్ధం. అలసట, చేతులు చల్లబడటం ఉండొచ్చు. ఆపాల్సి వస్తే మెల్లగా తగ్గించాలి, ఒక్కసారిగా మానితే గుండె దడ, బీపీ తిరగబడతాయి. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మి.గ్రా.తో మొదలు. నిద్ర పట్టనివాళ్ళకు, మెడ బిగుసుకుపోయేవాళ్ళకు బాగుంటుంది. పడుకునే ముందు కాకుండా రెండు గంటల ముందే వేసుకుంటే పొద్దున మత్తు తగ్గుతుంది. నోరు ఎండటం, బరువు పెరగడం దాని ఇబ్బందులు. ఫ్లునరిజిన్ రాత్రి 5 లేదా 10 మి.గ్రా. మన డాక్టర్లు ఎక్కువగా రాసేది ఇదే, మంచి మందే. కానీ ఆకలి, బరువు పెరుగుతాయి, కొందరిలో మనసు దిగులు పడుతుంది, పెద్దవయసు వాళ్ళలో చేతులు వణకడం, నడక మందగించడం రావచ్చు. అందుకే ఏళ్ళ తరబడి అదే చీటీతో కొనుక్కుంటూ పోకూడదు, ఆరు నెలలకు ఒకసారి ఆపి చూడాలి.

టోపిరామేట్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికి 25 చొప్పున 100 దాకా పెంచుతారు. బరువు తగ్గుతుంది కాబట్టి ఇష్టపడేవాళ్ళున్నారు. వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు, మాట్లాడుతుంటే మాట గుర్తుకు రాకపోవడం సర్వసాధారణం. కిడ్నీలో రాళ్ళు పుట్టించే గుణం ఉంది, మన ఎండలకు రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్ళు తాగనివాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది. టోపిరామేట్, మరో నివారణ మందు వాల్ప్రోయేట్, రెండూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళకు వాల్ప్రోయేట్ మైగ్రేన్ కోసం రాస్తే, ఎందుకు రాశారో అడిగే హక్కు మీకుంది. మెరుపుల దశ ఉన్న మైగ్రేన్ ఆడవాళ్ళు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, ఆ సంగతి గైనకాలజిస్టుకు తప్పక చెప్పాలి.

ఏ నివారణ మందైనా సరిపడే మోతాదుకు చేరాక రెండు నెలలు చూడాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు గెలిచినట్టే, పూర్తిగా పోవాలని చూడొద్దు. పది రోజులు వాడి ‘గుణం కనపడలేదు’ అని డాక్టరును మార్చడం, కొత్త డాక్టరు మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, ఇలా నాలుగు మందులు వాడినట్టు కనపడి ఒక్కటీ సరిగ్గా వాడనివాళ్ళు చాలామంది.

ఖరీదైనవి, కొత్తవి

సీజీఆర్‌పీ అనే రసాయనాన్ని అడ్డుకునే నెలవారీ ఇంజెక్షను ఎరెనుమాబ్‌కు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది, మన దేశంలోనూ దొరుకుతోంది. నెలకు ఖర్చు వేలల్లో. రెండు మూడు నివారణ మందులు సరైన మోతాదులో వాడి ఫలితం లేనివాళ్ళు ఆలోచించాల్సింది. మలబద్ధకం, కొందరిలో బీపీ పెరగడం ఉంటాయి. మూడు నెలలైనా చూడకుండా తేల్చకూడదు. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. చెన్నై నుంచి తెప్పించుకునేవాళ్ళు ఐసు పెట్టెలో తెచ్చుకోవాలి గానీ ఐసుకు తగలనివ్వకూడదు, గడ్డ కడితే పారేయాల్సిందే. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్ళో ఉంటే వేయించుకునే రోజుకే తెప్పించుకోండి. అదే దారిలో పని చేసే రిమెజెపాంట్ 75 మి.గ్రా. నాలుక మీద కరిగే మాత్రను ఫైజర్ 2025లో మన దేశానికి తెచ్చింది. రోజుకు ఒకటే. ట్రిప్టాన్‌లా రక్తనాళాలను బిగించదు కాబట్టి ట్రిప్టాన్ పడనివాళ్ళకు అడగదగ్గ మందు.

బొటాక్స్ నెలకు 15 రోజులు, ఆపైన తలనొప్పి ఉన్నవాళ్ళకు మాత్రమే. 31 చోట్ల కలిపి 155 యూనిట్లు, 12 వారాలకొకసారి. నుదుటి మీద నాలుగు సూదులు వేసి అయిందంటే అది మైగ్రేన్ పద్ధతి కాదు.

నెరివియో అనే పట్టీని హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2023లో మన దేశంలోకి తెచ్చింది. పై చేతికి కట్టుకుని ఫోన్లో యాప్‌తో నడపాలి, ఒక్కోసారి 45 నిమిషాలు. నొప్పి మొదలైన గంటలోపు పెట్టాలి. కరెంటు బాగా తెలియాలి, నొప్పి పుట్టకూడదు, ఆ మధ్య స్థాయిలో ఉంచడమే కిటుకు. భయపడి తక్కువలో పెట్టినవాళ్ళకు ఫలితం రాదు. చెమట చేతి మీద సరిగ్గా అంటదు, తుడిచి ఆరాక కట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, మూర్ఛ అదుపులో లేనివాళ్ళు వాడకూడదు. ఒక పట్టీ కొన్నిసార్లకే పని చేస్తుంది, తర్వాత కొత్తది కొనాలి. మాత్రలు పడనివాళ్ళకు మంచి దారి, మిగిలినవాళ్ళకు ట్రిప్టాన్ తర్వాతే.

ఓపీ దగ్గర

ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలు. అందులో ‘ఎప్పటి నుంచి?’ అన్న ప్రశ్నకు కథ మొదలుపెడితే సమయం అయిపోతుంది. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి: నెలకు తలనొప్పి రోజులు, అందులో పడుకోవాల్సి వచ్చిన రోజులు, మందు వేసుకున్న రోజులు, ఇప్పటిదాకా వాడిన మందుల పేరు, మోతాదు, ఎన్నాళ్ళు, ఎందుకు ఆపారు. పాత స్ట్రిప్‌లు పారేయకుండా ఫోటో తీసి ఉంచండి. డాక్టరు పరీక్షలో తేడా లేకపోతే, నొప్పి తీరు మైగ్రేన్‌కు సరిపోతే స్కానింగు అక్కర్లేదు. ఎంఆర్‌ఐ బాగుంది అన్న రిపోర్టు నొప్పి అబద్ధమని కాదు, మైగ్రేన్ స్కానులో కనపడదు. ‘మళ్ళీ ఎప్పుడు రావాలి, అప్పటికి ఏ సంఖ్య తగ్గాలి’ అని అడిగి రాసుకుని వస్తేనే ఆ ఫీజుకు విలువ.

ఇక రోజువారీ సంగతులు. భోజనం వేళ తప్పడం, నిద్ర వేళ మారడం, ఎండ, ఈ మూడే మన దగ్గర ఎక్కువగా నొప్పి తెస్తాయి. శివరాత్రి నాడు ఉపవాసం, జాగరం రెండూ కలుస్తాయి. ఉండదలచుకున్నవాళ్ళు పాలు, పండ్లు, మజ్జిగ వేళకు తీసుకుంటూ ఉంటే గండం కొంత తగ్గుతుంది. చేపల పులుసు మానేయమనే సలహాకు మాత్రం మీ పుస్తకంలో రుజువు కనపడితేనే లోబడండి.

పరిశోధనకు మీ వంతు

సీజీఆర్‌పీ మందుల వెనక మామూలు రోగులున్నారు. 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ అనే శాస్త్రవేత్తలు అచ్చేసిన పరిశోధనలో, నొప్పి మధ్యలో ఉన్నవాళ్ళు మెడలోని సిర నుంచి రక్తం ఇచ్చారు. ఆ రక్తంలోనే సీజీఆర్‌పీ పెరిగినట్టు తేలింది. అక్కడి నుంచి మందు రావడానికి 28 ఏళ్ళు పట్టింది. ఆ ఇద్దరితో పాటు మాస్కోవిట్జ్, ఒలెసెన్‌లకు 2021లో మెదడు పరిశోధనకు ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది.

మన దేశంలో జరిగే ఏ మందు పరీక్ష అయినా సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఆ వెబ్‌సైటులో మైగ్రేన్ అని వెతికితే ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రిలో, ఏ మందు మీద జరుగుతోందో, ఎవరిని తీసుకుంటారో కనపడుతుంది. ఎవరైనా ‘ట్రయల్ ఉంది, చేరండి’ అంటే ముందు సీటీఆర్‌ఐ నంబరు అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో, తెలుగులో ఇవ్వాలి, ఇంటికి తీసుకెళ్ళి చదువుకునే సమయం ఇవ్వాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం 2019 నిబంధనల్లో ఉన్నాయి. ఎప్పుడైనా మానుకోవచ్చు, అందుకు మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్షించే మందుకు మీ దగ్గరే డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చాలా మైగ్రేన్ పరీక్షల్లో మందు ఇచ్చే ముందు నాలుగు వారాలు డైరీ రాయిస్తారు. సరిగ్గా రాయనివాళ్ళను అక్కడే వదిలేస్తారు. కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారు, ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియదు. మందు నిజంగా పని చేసిందో లేదో తేల్చడానికి వేరే దారి లేదు, అందుకని అది మోసం అనుకోవద్దు.

ట్రయల్‌లో చేరే వీలు లేనివాళ్ళు ఇంటి నుంచే చేయగలిగింది ఒకటుంది. మందు వల్ల ఇబ్బంది వస్తే, అలాంటివి నమోదు చేసే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి చెప్పండి. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు నింపే పత్రం తెలుగులోనూ ఉంది. మందు పేరు, తయారీ కంపెనీ, స్ట్రిప్ మీది బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, ఇబ్బంది వచ్చిన తేదీ, ఆపాక తగ్గిందా లేదా, ఇవి దగ్గర పెట్టుకుని ఫోను చేయండి. షాపులో స్ట్రిప్‌ను కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క అడిగి తీసుకోండి. అది రెండో కొనుగోలుదారు దగ్గరికి పోతే మీ చేతిలో మిగిలేది పేరు లేని మాత్ర.